నా యలవాట్లు – నా ఋణము

(అమలాపురమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు, సాహిత్యగోష్ఠిలో చేసిన యుపన్యాసము)

  

 విద్యానిధిని గూర్చియు, నేతపనివారి సహకార సంఘములను గూర్చియు చెప్పుటకు నాకంటె నర్హులైన పెద్దలు వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నాకు వ్రాసిన లేఖలో, "మీరు కథలు వ్రాయువారు గదా, మీ రచనలో మీకు గల చిత్రమైన యలవాట్లను, చిన్ననాటి ముచ్చటలను చెప్పుడు. మీ వంతు భోజనానంతరము వచ్చినది. సభ్యులు నిద్రపోకుండ జూచు భారము మీది" అని సెలవిచ్చిరి. ఆ యాజ్ఞను శిరసావహించి ఆరంభించుచున్నాను. తుదకు మాత్రము ఆయన కోరని దొక్కటి చెప్పెదను. అందులకు ముందే క్షమాపణ వేడుకొనుచున్నాను.

మొదట నా కాళ్ళ సంగతి. నేను కలము పట్టితినా, నా పాదములు రెండును ఒకదాని వెనుక నొకటి నేలను తొక్కుచుండును. ఇది కోరి చేయు పని కాదు. మాది గుంటమగ్గము గల యిల్లు. మా తండ్రిగారు గుంటలో కాళ్ళుంచి కూర్చుండి ఒక కాలు తొక్కగా, పడుగులో సగము పోగులు పైకి లేచును, సగము క్రిందికి దిగును. ఆ సందున నాడె ఈవలినుండి యావలికి పోవును. రెండవ కాలు తొక్కగా పోగులు తారుమారై నాడె తిరిగి వచ్చును. నాకు వాక్యము కూడ నట్లే నడచును. కాలు కదలనిదే మాట రాదు. ఉపాధ్యాయ శిక్షణ పరీక్షనాడు పర్యవేక్షకులొకరు నా బల్లకడకు వచ్చి, "ఏమయ్యా, కాలిక్రింద చీటీ దాచితివా?" యని నన్ను లేవదీసి వెదకిరి. చీటీ లేదు. "అయిన కాలు నిలుపు" మనిరి. నిలిపితిని. ఆనాడు కడపటి ప్రశ్నకు జవాబు వ్రాయలేకపోతిని.

రెండవది నా నాలుక సంగతి. మా మేనత్తగారిది ఆత్రేయపురము. ఆమె వచ్చునపుడెల్ల పూతరేకులు తెచ్చెడిది. బోర్లించిన కుండ క్రింద మంటబెట్టి, పలుచని బియ్యపుపిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దానిమీద నొకసారి పరచి తీయగా, కుండపై నిలుచు తెల్లని పొరయే రేకు. ఆ వేడుకను చూచివచ్చిన నేను, పుస్తకముల కాగితము కూడ అట్లే కుండలమీద తయారగునని యెంచితిని. ఒకటవ తరగతి వాచకము చేతికి రాగానే దాని మూల కొరికి, బెల్లము లేదేమని మేనత్త నడిగితిని. ఏండ్లు గడచినను ఆ యలవాటు పూర్తిగా వదలలేదు. క్రొత్త పుస్తకము దొరకినప్పుడు, ఎవరును చూడకున్న, దాని మూలను నాలుకకు తగిలింతును. నాకు పుస్తకములు ఎరువిచ్చిన మిత్రులు ఈ సభలో నున్నచో క్షమింతురు గాక!

మూడవది ఏటి సంగతి. మన కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చిన భూమి. ఎటు పోవలెనన్నను ఏరు దాటవలసిన కాలమున నేను పెరిగితిని. అచ్చునకు పంపదగిన కాగితములు చేత నున్నప్పుడు, పడవ కదలగానే వానిని తలపై పెట్టుకొని రెండు చేతులతో పట్టుకొనుట నాకు నియమము. 2002లో ఎదుర్లంక, యానాముల నడుమ వంతెన వచ్చినది. ఆ వంతెనపై బస్సులో మొదటిసారి పోవుచుండగా, నా చేతులు నాకు తెలియకయే సంచిని తలమీది కెత్తినవి. ప్రక్కనున్న చిన్నవాడు, "మాష్టారూ, బస్సులో వాన పడదండి" యనెను.

మీరందరు నవ్వితిరి. కార్యదర్శిగారు నాకొప్పగించిన పని నెరవేరినది. కాని యొక మాట యున్నది. ఇట్టి ముచ్చటలు చెప్పుకొనుటకు ధైర్య మక్కరలేదు. వీనివలన నాకు నష్టము లేదు, మీదుమిక్కిలి నన్ను మీకు దగ్గర చేయును. తన్ను గూర్చి వ్రాసికొనిన మన ప్రాంతపు పెద్దలు ఇంతటితో ఊరకుండలేదు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ స్వీయచరిత్రమును రెండు భాగములుగా వెలువరించిరి. చిన్ననాటినుండి తమ్ము బాధించిన దగ్గును, తమ తగవులను గూడ అందు చెప్పుకొనిరి. గౌతమి కావలి సీమలోని పొలమూరున 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వైదికవిద్య నేర్వవలసిన యింట పుట్టి, పెద్దల యిష్టమునకు మారుగా తెనుగు రచనపై మనసు పారవేసికొన్న కథను "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" అను గ్రంథమున వ్రాసిరి. మన రాజోలు సీమలోని మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారు తమ యాత్మకథకు "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు" అని పేరిడిరి. 1973లో పద్మశ్రీ యందుకొన్న కవి, లోకము తన్ను చిన్నబుచ్చుటకు వాడదగిన మాటను తానే గ్రంథము మొగమున వ్రాసికొనెను. ఆయన నాటకమునకును "పాలేరు" అనియే పేరు.

ఇంక చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆయనకు చిన్ననాటనే రేచీకటి. తరువాత చూపు పూర్తిగా పోయినది. ఆయన చెప్పుచుండ నొకరు వ్రాసెడివారు. తమ స్వీయచరిత్రమును గూడ ఆయన చూపులేని స్థితియందే చెప్పిరి. ఆ పుస్తకము తెరచినప్పుడెల్ల నా మనసు కలవరపడుచుండును. చెప్పిన నోరొకటి, వ్రాసిన చేయి మరియొకటి. పుస్తకముపై నున్న పేరు చెప్పినవారిది. అది న్యాయము. మా యింట నట్లు జరుగలేదు. అదియే నేను చెప్పదలచిన విషయము.

నాకొక అక్క. నాకంటె పదియేండ్లు పెద్ద. బడికి పోలేదు. చిన్నతనముననే భర్త పోగా కొడుకును చంక బెట్టుకొని మా యింటికి వచ్చినది. ఉదయమునుండి రాట్నము ముందు కూర్చుండి, చిలపలనుండి నూలు కండెలకు చుట్టెడిది. ఆ కండెలే మా తండ్రిగారి నాడెలో చేరి పేక యగును. కండె లేనిదే నాడె పోయి ప్రయోజనమేమి? అయినను సంఘములో సభ్యత్వము మా తండ్రిగారి పేర నుండెను, కూలి ఆయన చేతికే వచ్చెను. మా యక్క చుట్టిన కండెలకు లెక్క వ్రాసినవారు లేరు. అది తప్పని మాకెవ్వరికిని తోచను గూడ లేదు.

రాట్నము త్రిప్పుచు ఆమె కథలు చెప్పెడిది. పాతకథలు కావు, ఆమెకు తోచినవి. అందొక కథ యిది. ఒక నేతగాని యిల్లాలు మగ్గముకడ రాలిన తెగిన పోగులను, పడుగు ముగిసిన పిదప మిగిలిన కొనలను ఏరి, ఒకదాని కొకటి ముడివేసి దాచుచుండును. పండ్రెండేండ్లకు ఆ ముడుల నూలుతో, మగడు సంతకు పోయిన దినములలో తానే మగ్గమెక్కి, కూతురి పెండ్లికి రంగురంగుల చీర నేయును. ఈ కథను నేను నోటుపుస్తకములో ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొంటిని. తరువాత గ్రాంథికము చేసి, 1974లో ఒక వారపత్రికకు నా పేర పంపితిని. దానికి బహుమతి వచ్చినది. నేను రచయితనని మన వారందరు ఎరిగినది ఆ కథతోనే.

పత్రిక రాగానే అక్కకు చదివి వినిపించితిని. రాట్నము ఆపి వినెను. తన పేరున్నదా యని యడుగలేదు. తుద వాక్యము చదివినపుడు మాత్రము, "ఒరే తమ్ముడూ, అక్కడ తప్పు పడిందిరా" అనెను. నేను, "చీర చేతికిచ్చి తల్లి వలవల నేడ్చెను" అని వ్రాసియుంటిని. ఆమె, "నేను ఏడ్చిందని చెప్పలేదురా. ముడులు పిల్ల ఒంటికి గుచ్చుకుంటాయేమోనని, చీరంతా వేలితో తడిమి చూసిందని చెప్పాను" అనెను. మరల రాట్నము త్రిప్పసాగెను.

మహాజనులారా! ఏడ్పు నాది, వ్రేలు ఆమెది. కథలో ప్రాణ మెచ్చట నున్నదో మీరు వేరుగ చెప్పనక్కరలేదు. నాకును ఆ క్షణముననే తెలిసినది. అయినను కథాసంపుటము అచ్చుపడినపుడు నేనా వాక్యమును దిద్దలేదు. దిద్దినచో ఎందుకు దిద్దితివని ఎవరైన అడుగుదురని భయము. బహుమానపు సొమ్ములోనుండి అక్కకొక చీర కొని తెచ్చితిని. నేతవారి యింటి ఆడుపడుచునకు మిల్లుచీర! ఆమె కాదనక కట్టుకొనెను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మీలో పలువురకు జ్ఞాపకముండును. కొబ్బరితోటలు కూలి పరచుకొన్నవి, మగ్గపు గుంటలు నీటితో నిండినవి. నా వ్రాతప్రతులున్న పెట్టె తడిసి ముద్దయైనది. తడియని దొక్కటే, అటకమీద నూనెగుడ్డలో చుట్టియుంచిన ఆ పాత నోటుపుస్తకము. దానినట్లు చుట్టి దాచినది అక్కయే. తనకు చదువ రాదు, అయినను తన మాటలున్న పుస్తకమిదియని ఎరుగును. తుపాను వెలసిన మరునాడు దానిని చేతబట్టి కాలువగట్టుమీద నిలుచుండి, నీళ్ళలో విడిచినచో ఇంక సాక్ష్యముండదు గదా యని తలచితిని. ఇదియే నా జీవితములో నేను మిక్కిలి సిగ్గుపడు తలంపు. విడువలేదు, కాని ఎవరికిని చూపను గూడ లేదు. మరుసటి సంవత్సరము అక్క కాలము చేసెను.

ఇన్నాళ్ళకు ఇప్పుడేల చెప్పుచున్నావని మీరడుగవచ్చును. ఇటీవల అక్క మనుమరాలు మా యింటికి వచ్చినది. బడిలో పిల్లలకు చెప్పుటకు నా కథ చదివినదట. "తాతయ్యా, ఈ కథ నాయనమ్మ మా నాన్నకు చెప్పేదట, నాన్న నాకు చెప్పేవాడు. కానీ అందులో తల్లి ఏడవదు, చీర తడిమి చూస్తుంది. మీరెందుకు మార్చారు?" అని యడిగెను. నేను అచ్చులో దిద్దని వాక్యము ఆ యింట మూడు తరములు చెడకుండ నిలిచినది. ఆ పిల్లకు జవాబు చెప్పలేక లోపలికి పోయి, నోటుపుస్తకము తెచ్చి చేత బెట్టితిని.

పరాసు దేశపు రూసో అను తత్త్వవేత్త తన యాత్మకథలో ఒక సంగతి చెప్పెను. పడుచుతనమున కొలువున్న యింట నొక రిబ్బను దొంగిలించి, పట్టుబడగానే దానిని వంటపని చేయు మారియన్ అను పిల్లమీదికి నెట్టెనట. ఆ పిల్లకేమి గతి పట్టినదో యను బాధ ముసలితనము వరకు వీడలేదనియు, గ్రంథము వ్రాయుటకు అదియొక కారణమనియు చెప్పుకొనెను. మహాత్మాగాంధీగారు పదునైదేండ్ల ప్రాయమున అన్న చేతి కడియమునుండి రవంత బంగారము తీసి, ఆ తప్పును కాగితముపై వ్రాసి తండ్రి చేతికిచ్చిరి. తండ్రి చదివి కన్నీరు కార్చి కాగితమును చించివేసెను. ఆయనకు క్షమించు తండ్రి బ్రదికియుండెను. నాకు క్షమించు అక్క లేదు. కనుక ఈ కాగితమును మీ చేతికిచ్చుచున్నాను. దీనిని చింపక సంచికలో అచ్చువేయుడు.

మన వార్షిక సంచికలను నేను చాలకాలముగ చదువుచున్నాను, వానిలో వ్రాసియు నున్నాను. వంశవృక్షములు, దాతల ఛాయాపటములు, పూర్వుల కీర్తి, ఇవన్నియు నుండవలసినవే. రాట్నము ముందు కూర్చున్నవారి మాట మాత్రము వానిలో నాకు కనబడలేదు. అందుచే మూడు విన్నపములు చేయుచున్నాను. రాబోవు సంచికలో మన యిండ్లలోని ముసలమ్మలు చెప్పు కథలకు, పాటలకు కొన్ని పుటలు కేటాయింపుడు. వారు సమ్మతించినచో వారి పేర్లతోనే వేయుడు. వ్రాసికొన్న యువకులు అచ్చునకు పంపుటకు ముందు వారికి చదివి వినిపించి, వారు తప్పన్న చోట దిద్దుడు. మూడవది, మగ్గపు కూలి లెక్కించు పెద్దలు కండె చుట్టిన చేతిని గూడ లెక్కలోనికి తీసికొనుడు.

నా వంతు పని నేనారంభించితిని. నా సంపుటము మరల అచ్చుపడునపుడు ఆ కథకు పైన అక్క పేరుండును. వ్రాసికొన్నవాడనని నా పేరు క్రింద చిన్న యక్షరములలో నుండును. తుద వాక్యము నోటుపుస్తకములో నున్నట్లే యుండును. దానిని మీ యెదుట చదివి సెలవు గైకొందును:

"అప్పుడా తల్లి చీరంతా ఒళ్ళో పరుచుకుని, ముడులు పిల్లకి గుచ్చుకుంటాయేమోనని, ఆ కొస నుంచి ఈ కొసకి వేలితో తడిమి చూసింది."