ఒకే జాతి, నాలుగు చేపలు

చేపల గురించి పాఠం చెప్పినవారిని స్మరించుకునే సభలో చేపల మాటే ఎత్తుకోవడం ధర్మం. అయితే ఈ ఉపన్యాసం కొత్త జాతుల గురించి కాదు. ఎప్పుడో పేరు పెట్టి, లెక్కల్లోకి ఎక్కించిన ఒక జాతి లోపల ఎంత వైవిధ్యం దాగి ఉందో చెప్పడమే దీని ఉద్దేశం.

ఐస్‌లాండ్‌లో థింగ్‌వల్లావాట్న్ అనే సరస్సు ఉంది. వైశాల్యం సుమారు 84 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 114 మీటర్లు. ఇంత నీటిలో ఉన్నవి మూడే చేప జాతులు: బ్రౌన్ ట్రౌట్, స్టికిల్‌బ్యాక్, ఆర్కిటిక్ చార్. జాబితా చూసినవారికి పేద సరస్సు అనిపిస్తుంది. వల వేసినవారికి అలా అనిపించదు, ఎందుకంటే అక్కడి చార్ ఒక్కటే నాలుగు రూపాల్లో దొరుకుతుంది.

మొదటి రెండూ అడుగున తిరిగేవి. రెండింటికీ మూతి మొద్దుగా ఉంటుంది, కింది దవడ పొట్టి, రంగు ముదురు. వాటిలో పెద్దది రాళ్ల మీది నత్తలను ఏరుకు తింటుంది. చిన్నది లావా రాళ్ల సందుల్లోనే కాపురముంటుంది, అరచేతిలో ఇమిడే పరిమాణంలోనే గుడ్లు పెట్టే వయసుకొస్తుంది. మూడోది సన్నటి వెండి చేప. నడినీళ్లలో తిరుగుతూ ప్లవకాలను తింటుంది, వాటిని వడకట్టడానికి దాని మొప్పల లోపల దువ్వెన పళ్లలాంటి ముళ్లు ఉంటాయి. నాలుగోది సాటి చేపలను వేటాడి బలిసే రకం. స్థానిక జాలరులకు ఈ తేడాలు కొత్త కాదు, ఒక్కోదాన్ని ఒక్కో పేరుతో పిలుస్తారు. వెండి చేప వాళ్లకు ‘ముర్తా’.

ఇవి వయసు తేడాలేమో, తిండి తేడాలేమో అన్న సందేహం సహజమే. స్కూలి స్కూలాసన్, సిగుర్దూర్ స్నోరాసన్ వంటి శాస్త్రవేత్తలు నాలుగు రకాల గుడ్లనూ తెచ్చి ఒకే పరిస్థితుల్లో పెంచి చూశారు. తల, దవడల తేడాలు పిల్లల్లోనూ కనిపించాయి. తిండి ప్రభావం ఉన్నా, వారసత్వం పాలు కూడా ఉందన్నమాట. గుడ్లు పెట్టే కాలాలూ పూర్తిగా కలవవు: నత్తలు తినే పెద్ద చార్ జూలై, ఆగస్టులలో చల్లటి ఊటల దగ్గరికి చేరుతుంది, ముర్తా సెప్టెంబరు, అక్టోబరులలో పెడుతుంది. హిమానీనదాలు కరిగి ఈ సరస్సు ఏర్పడి పది వేల ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. పరిణామానికి అది కనురెప్పపాటు. పోటీకి వచ్చే జాతులు లేక ఖాళీగా ఉన్న చోట్లన్నిటినీ ఒకే చేప నింపుకుంది.

ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులోనూ చార్ శరత్కాలంలో ఒడ్డు దగ్గర గుడ్లు పెట్టేదిగా, వసంతానికి ముందు లోతుల్లో పెట్టేదిగా రెండుగా విడిపోయింది.

ఇంతటి వైవిధ్యం చాలా తేలిగ్గా చెదిరిపోతుంది. కెనడాలో వాంకూవర్ దీవిలోని ఎనోస్ సరస్సులో స్టికిల్‌బ్యాక్‌లు రెండు రకాలుగా ఉండేవి: ఒకటి అడుగున తిరిగేది, ఒకటి నడినీళ్లలోది. 1990ల తొలినాళ్లలో ఆ సరస్సులో క్రేఫిష్ అనే రొయ్య చుట్టం కనిపించింది. తర్వాత కొద్ది ఏళ్లకే రెండు రకాలూ కలగలిసి సంకరమైపోయాయి. ఆ నీటిలో స్టికిల్‌బ్యాక్ ఇప్పటికీ ఉంది కాబట్టి జాతుల లెక్కలో నష్టం సున్నా! లాస్కేటీ దీవిలోని హాడ్లీ సరస్సు కథ మరీ దారుణం. ఎవరో తెచ్చి వదిలిన బ్రౌన్ బుల్‌హెడ్ అనే క్యాట్‌ఫిష్ కారణంగా అక్కడి ఇలాంటి రెండు రకాల స్టికిల్‌బ్యాక్ జంట ప్రపంచం నుంచే తుడిచిపెట్టుకుపోయింది. వేల ఏళ్ల పరిణామం ఒక మనిషి ఆయుష్షులో పదో వంతు కాలంలో పోవడం మామూలు విషాదం కాదు. మన లెక్కలే దాన్ని చూడకుండా కళ్లు మూసుకుంటున్నాయి.

దీనికి దారి లేకపోలేదు. టెక్సాడా దీవిలోని పాక్స్‌టన్ సరస్సులో బతికున్న అటువంటి జంటను కెనడా ఒకే స్టికిల్‌బ్యాక్‌గా లెక్కగట్టలేదు. అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో రెండింటినీ విడివిడిగా చేర్చింది. సరస్సుల సర్వేలు చేసేవారంతా ఈ పద్ధతినే పాటించాలి. జాతి పేరుతో ఆగిపోకుండా ఆ చేప ఏ లోతులో ఉంటుందో, ఏం తింటుందో, ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడుతుందో కూడా నమోదు చేయాలి. బయటి జీవిని ఏ సరస్సులోనైనా వదలడానికి అనుమతి ఇచ్చే ముందు ఆ నమోదు చూడాలి.