రెండు గడ్డలు, ఒకే ఆపరేషన్

(మార్కాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడుకలోని ఒక మాట వల్ల ఆడవాళ్లకు చాలా నష్టం జరుగుతోంది. ఆ మాట 'గడ్డ'. ముట్టులో రక్తం ముద్దలుగా పడినా గడ్డే, గర్భసంచిలో కండ పెరిగినా గడ్డే. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో నేను మాట్లాడిన స్త్రీలు "గడ్డలు పడుతున్నాయి" అని డాక్టరు దగ్గరికి వెళ్లామన్నారు. "గడ్డ ఉంది, తీయకపోతే కాన్సరవుతుంది" అన్న మాట విని తిరిగొచ్చామన్నారు. పలకల పనికో, కూలికో పోయే మనిషి అప్పు చేసి గర్భసంచి తీయించుకోడానికి ఈ భయం ఒక్కటి చాలు.

ఇది ఒకరిద్దరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశమంతటా ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం.

అయితే ఆ రక్తం ఎందుకు పోతోందని ఎవరు చూశారు? ఫైబ్రాయిడ్లు కాన్సరు కావడం బహు అరుదు. ముట్లుడిగాక చాలావరకు కుంచించుకుపోతాయి. కొందరిలో లోపం గర్భసంచిలో కాదు, రక్తంలోనే ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు, వాటితోపాటు కొన్ని ప్రొటీన్లు కావాలి. అలాంటి ఒక లోపాన్ని 1926లో ఫిన్లాండ్ వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్ వివరించాడు. ఆయన చూసిన ఒక బాలిక 13 ఏళ్లకే, నాలుగో ముట్టులో, రక్తస్రావం ఆగక చనిపోయింది. ఈ లోపం ఉందని తెలియకుండా ఆపరేషన్ చేస్తే ఆ ఆపరేషనే ప్రమాదం.

సి.బి.పి. అనే మామూలు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలుస్తాయి. ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. ఇనుము తగ్గిన స్త్రీలో ఇవి పెరగవచ్చు కూడా. 2019-21 సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కనుక ఇది గుర్తుంచుకోవాలి. సంఖ్య బాగున్నంత మాత్రాన రక్తం సరిగా గడ్డకడుతుందని కాదు. వాన్ విల్లెబ్రాండ్ లోపంలో చాలామందికి సంఖ్య మామూలుగానే ఉంటుంది. దానికి వేరే పరీక్ష చేయాలి.

కానీ ప్రశ్నలకు డబ్బు అక్కర్లేదు. మొదటి ముట్టు నుంచీ ఇంతేనా? పన్ను పీకినప్పుడు, కాన్పయినప్పుడు రక్తం ఆగలేదా? ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి కారుతుందా? తల్లికీ అక్కచెల్లెళ్లకూ ఉందా? ఈ నాలుగు ప్రశ్నలూ మనమే అడిగి, రాసి, డాక్టరు ముందు పెట్టవచ్చు. ఇనుము మాత్రలు, రక్తస్రావం తగ్గించే మందులు వాడిచూశారా అని కూడా అడగాలి.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం పోలేని స్త్రీకి ఈ పరీక్షలు దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే దొరకాలని మనం అడగాలి. కారణం తెలుసుకోవడం ఆమె హక్కు. కత్తి పట్టేది ఆ తర్వాతే.