తొలి గంటలో వెబ్‌సైటు మొరాయించినపుడు

(విజయవాడలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వము ఒక క్రొత్త పథకమును ప్రకటించి, ఫలానా దినమున ఫలానా గంటకు వెబ్‌సైటు తెరువబడును, అందులో పేర్లు నమోదు చేసికొనుడని చెప్పినపుడు, ఆ గంటకు గ్రామములో ఏమి జరుగునో మాకంటె మీకే బాగుగా తెలియును. ఫోనున్న ప్రతి యువకుని చుట్టును పదిమంది చేరుదురు. తెరమీద చక్రము తిరుగుచునే యుండును. ఓటీపీ రాదు, వచ్చునప్పటికి దాని గడువు తీరిపోవును. సాయంకాలమునకు జనము పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, మా పేర్లు ఎక్కినవా లేదా యని మిమ్ములనే అడుగుదురు. ఆ వెబ్‌సైటు తాళపుచెవి మీ చేతిలో లేదు. అయినను సమాధానము చెప్పవలసినవారు మీరే. కావున ఆ యంత్రము ఎందుకు మొరాయించునో, అట్టి దినమున మీరు చేయదగినదేమో నేడు మీతో ముచ్చటింప దలచినాము.

ఇందుకు మన ప్రాంతముతోనే ముడిపడిన ఉదాహరణ మొకటి కలదు. కోవిడ్ టీకాల కొరకు కేంద్ర ప్రభుత్వము కోవిన్ అను వెబ్‌సైటును నెలకొల్పినది. టీకాలు రాకమునుపే, 2020 డిసెంబరు 28, 29 తేదీలలో, నాలుగు రాష్ట్రములలో దానికి నమూనా పరీక్ష జరిగినది. పంజాబు, గుజరాతు, అస్సాములతో పాటు మన రాష్ట్రమునుండి అందుకు ఎన్నికైనది కృష్ణా జిల్లాయే. (విజయవాడ అప్పటికి కృష్ణా జిల్లాలోనిది, ఎన్.టి.ఆర్. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది.) ఐదు కేంద్రములలో పేర్లు ఎక్కించుట, సందేశములు పంపుట, వచ్చినవారిని సరిచూచుట, టీకా వేసినట్లు గుర్తించుట, పిమ్మట కొంతసేపు కూర్చుండబెట్టి గమనించుట అన్నియు చేసి చూచిరి. సూదిమందు మాత్రము వేయలేదు. తరువాత 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో రాష్ట్రమున టీకాల కార్యక్రమము ప్రారంభమైనది.

అట్టి పరీక్ష అవసరమే. పనివారి వరుస సరిగా నున్నదో లేదో దానివలన తెలియును. కాని కోటిమంది ఒక్కసారి వచ్చి తలుపు తట్టినచో తలుపు నిలుచునా యన్నది ఐదు కేంద్రములలో తేలునది కాదు. క్రొత్తగా త్రవ్విన పంటకాలువలో మోకాలిలోతు నీరు వదలి, నీరు పారినదని సంతోషింపవచ్చును. గట్టు బలము తెలియవలెనన్న కాలువ నిండుగా పారవలెను గదా.

నిండు కాలువ 2021 ఏప్రిల్ 28న వచ్చినది. 18 మొదలు 44 ఏండ్ల వయసువారికి మే 1 నుండి టీకాలు వేయుదుమనియు, అందుకు ఏప్రిల్ 28న నమోదు మొదలగుననియు ప్రకటించియుండిరి. గంట తెలియక అర్ధరాత్రి దాటగానే ప్రయత్నించినవారు పలువురు. సాయంత్రము 4 గంటలకని ఆ దినముననే స్పష్టమైనది. నాలుగు కొట్టగానే వెబ్‌సైటు నిలిచిపోయినది. కొందరికి తెర తెరుచుకొనలేదు, కొందరికి ఓటీపీ రాలేదు. చిన్న లోపము తలెత్తి సవరింపబడినదని కొలది సేపటికి ప్రకటన వెలువడినది. ఆ మొదటి నిమిషములలో నిమిషమునకు 27 లక్షల వినతులు వచ్చి పడినవని ప్రభుత్వము తెలిపినది. 4 గంటలనుండి 7 గంటలవరకు వచ్చినవి 38 కోట్ల 30 లక్షలు. ఆ మూడు గంటలలో నమోదైన పేర్లు సుమారు 80 లక్షలు.

ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన నిలిపి చూడుడు. ఒక్కొక్క పేరు ఎక్కుటకు సుమారు 48 వినతులు అయినవన్నమాట. ఇందులోనే రహస్యమంతయు కలదు.

వెబ్‌సైటనగా ఎక్కడనో భవనములలో నిలిపియుంచిన కంప్యూటర్ల సముదాయము. వానిని సర్వర్లందురు. మనము ఫోనుమీద వ్రేలు పెట్టి నొక్కినప్పుడెల్ల వానికొక వినతి చేరును. అవి మన సంఖ్యను సరిచూచి, చిట్టాలో వెదకి, జవాబు పంపును. ఒక్కొక్క సర్వరు నిమిషమునకు ఇన్ని వినతులకు మాత్రమే జవాబు చెప్పగలదని మితి యుండును. అంతకు మించినవి వరుసలో నిలుచును. వరుస పెరిగిన కొలది జవాబు ఆలస్యమగును. ఆలస్యమైన కొలది మనము మరల నొక్కుదుము. మొదటి వినతి ఇంకను వరుసలో నుండగానే రెండవది, మూడవది వచ్చి దాని వెనుక చేరును. ఇంటిలో ముగ్గురు మూడు ఫోనులలో అదే పేరుకొరకు ప్రయత్నించినచో చెప్పనక్కరలేదు. పదిమంది నూరుమంది యగుదురు. వచ్చిన జనముకంటె జనముయొక్క తొందర యంత్రమును ఎక్కువగా కృంగదీయును.

సర్వర్లను పెంచినచో సరిపోదా యని మీరడుగవచ్చును. పెంచవచ్చును, పెంచుచున్నారు కూడ. కాని ప్రధాన కాలువను ఎంత వెడల్పు చేసినను, చివరి తూము ఇరుకైనచో పొలమునకు చేరు నీరు తూము కొలతయే. అన్ని సర్వర్లును తుదకు ఒకే చిట్టాను చూడవలెను. టీకా ఒకటే మిగిలియుండగా దానిని ఇద్దరికి ఇవ్వకుండుటకు, ఒకరి లెక్క ముగిసినగాని రెండవవారి లెక్క మొదలు పెట్టరాదు. ఓటీపీ సంగతి వేరు. అది వెబ్‌సైటునుండి బయలుదేరి టెలిఫోను కంపెనీల దారిని రావలెను. ఆ దారి క్రిక్కిరిసినచో వెబ్‌సైటు బాగున్నను ఓటీపీ అందదు.

వరద లెక్క డెల్టావారికి క్రొత్త కాదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజికి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినది. 70 గేట్లును ఎత్తవలసివచ్చినది. అంతటి వరదకును ఎగువనున్న శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతలల నుండి ముందుగా లెక్క అందును. వెబ్‌సైటు వరదకు ఎగువ కొలబద్ద లేదు. ఆ వరదను పుట్టించునది ప్రకటనయే. నాలుగు గంటలకని చెప్పిన క్షణముననే నాలుగు గంటల వరద తయారైనది. ప్రచారము మా వృత్తి; కనుక ఈ మాట మేమే చెప్పుట ఉచితము. అందరికిని ఒకే నిమిషమును ప్రకటించుటకు బదులు, వయసునుబట్టియో జిల్లానుబట్టియో దినములు పంచి ప్రకటించినచో యంత్రమునకు సగము భారము తగ్గును. నీరు చాలని యేడు కాలువలకు వంతులు పెట్టుట ఈ నేలకు తెలిసిన పద్ధతియే.

ఇది మన దేశమునకే పట్టిన చిక్కు కాదు. అమెరికాలో ఆరోగ్య బీమా కొరకు అక్కడి కేంద్ర ప్రభుత్వము 2013 అక్టోబరు 1న ఒక వెబ్‌సైటును తెరచినది. లక్షలాది జనము వచ్చిరి. ఆ మొదటి దినమున నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు! అన్ని భాగములను కలిపి మొదటినుండి చివరివరకు పరీక్షించుటకు తగిన వ్యవధి లేకపోయినదని ఆ నెలలోనే కాంట్రాక్టర్లు వారి శాసనసభవారి యెదుట చెప్పిరి. రెండు నెలలు రాత్రింబవళ్లు పనిచేసి, ఒకేసారి 50 వేలమందికి సరిపోవునట్లు దానిని బాగుచేసిరి. జనము మించినపుడు వరుసలో నిలిపి, మరల రమ్మని కబురుచేయు ఏర్పాటు కూడ చేసిరి. ధనమునకు గాని, ఇంజనీర్లకు గాని కొరత లేని దేశమది.

ఇక, యంత్రము బాగుపడిన తరువాత బయటపడు చిక్కు మరియొకటి కలదు. దీనిని మేము మొదటిదానికంటె పెద్దదిగా తలచెదము. ఏప్రిల్ 28న పేరు ఎక్కినంతమాత్రమున టీకా దొరకలేదు. టీకాలే చాలినన్ని లేవు. మన రాష్ట్రమున 45 ఏండ్లు దాటినవారికి ముందు పూర్తిచేయ నిశ్చయించినందున, మే 1న చిన్న వయసువారికి టీకాలు మొదలు కాలేదు. గేటు తెరచియే యున్నది, కాలువలో నీరు లేదు. గ్రామములో మాత్రము వెబ్‌సైటు పనిచేయుట లేదనియే అనుకొనిరి. కొరతను యంత్రలోపమని చెప్పుటయు, యంత్రలోపమును కొరతయని చెప్పుటయు రెండును జనమును త్రిప్పుటయే. ఏది కారణమో ఆరోగ్య కేంద్రములోనో మండల కార్యాలయములోనో కనుగొని, ఉన్నమాట చెప్పినచో జనము ఓర్చుకొందురు.

మరి ఫోను లేని కూలీ సంగతి యేమి? కోవిన్ మొదట ఆంగ్లములోనే నడచినది. తెలుగు మొదలగు భాషలు 2021 జూనులో వచ్చినవి. కాలువ శివారు భూములకు నీరు చేరనట్లే, నాగాయలంక, కోడూరుల దిక్కున చేపలవేటకు పోయినవానికి ఆ వెబ్‌సైటు చేరదు. గ్రామీణుల ఈ ఇబ్బందిని సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ప్రస్తావించినది. మే 24 నుండియే ప్రభుత్వ కేంద్రములలో 18–44 వయసువారిని అక్కడికక్కడే నమోదు చేయుటకు అనుమతి లభించియుండెను. జూనులో ముందస్తు నమోదు తప్పనిసరి కాదని అందరికిని ప్రకటించిరి. జూన్ 20న మన రాష్ట్రమున ఒక్క దినములో 13 లక్షలకు పైగా టీకాలు వేసిరి. ఆనాడు జనమును కేంద్రములకు చేర్చినది ఫోను తెర కాదు. ఇంటింటికి తిరిగిన ఆశా కార్యకర్తలును, ఆరోగ్య సిబ్బందియును, గ్రామ సచివాలయములవారును. వెబ్‌సైటుకు ప్రక్కనే కాగితపు దారి ఒకటి ఉండితీరవలెనని మా నిశ్చితాభిప్రాయము. అట్టి దారి ఏదని ప్రతి పథకమునకును మీరు ముందుగానే అధికారులను అడుగుడు.

ఇప్పుడు మీ పని. నమోదు తేదీ తెలియగానే, అది ముందు వచ్చినవారికి ముందు ఇచ్చునదా, లేక గడువులోపల ఎప్పుడు నమోదైనను ఒకటేనా యని విచారింపుడు. తరచుగా రెండవదే యగును. అట్లయినచో మొదటి గంటకును పదవ దినమునకును భేదము లేదని దండోరా వేయించుడు. పేటలవారీగా దినములు పంచుడు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మటను, తెల్లవారుజామునను రద్దీ తగ్గియుండును. ఒకసారి నొక్కి, జవాబు వచ్చువరకు ఆగవలెనని ఫోను పట్టు కుర్రవారికి గట్టిగా చెప్పుడు.

కాగితములను వారము ముందే సిద్ధము చేయించుడు. ముఖ్యముగా ఆధారుకు జతపడిన ఫోను సంఖ్య ఇప్పుడు వాడుచున్నదేనా యని చూడవలెను. సిమ్ము మార్చి పాత సంఖ్యను వదలివేసిన ముసలివారికి ఓటీపీ ఎన్నటికిని రాదు. వెబ్‌సైటును ఎంత నిందించినను ప్రయోజనముండదు. ఆధారు కేంద్రమునకు పోయి సంఖ్య మార్పించుకొనుటకు కొంత వ్యవధి కావలెను. ఒక ఫోనుతో నలుగురి పేర్లు ఎక్కించుటకు కోవిన్‌లో మొదటినుండియు వీలుండెను. అది తెలియక, ఫోను లేదని ఊరకుండినవారు పెక్కురు. కావున ఒక ఫోనుమీద ఎందరిని చేర్పవచ్చునో ప్రతిసారి తెలిసికొనుడు.

రద్దీ యున్నచోట దొంగలు చేరుదురు. 2021లో కోవిన్ పేరుతో నకిలీ యాపులు సందేశములలో తిరుగగా కేంద్ర ప్రభుత్వ సంస్థ హెచ్చరిక చేయవలసివచ్చినది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లయినను, మన రాష్ట్రపు వెబ్‌సైట్లయినను చిరునామా సాధారణముగా జీఓవీ డాట్ ఇన్ అని ముగియును. ఓటీపీని ఎవ్వరికిని ఫోనులో చెప్పరాదు.

చివరగా, పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము తెరువుడు. ప్రయత్నించి విఫలమైనవారి పేరు, తేదీ, గంట, తెరమీద కనబడిన మాట, ఈ నాలుగు వ్రాసిన చాలును. తెరను ఫోటో తీసి యుంచినచో మరియు మంచిది. టీకా వేయించుకొనకయే వేసినట్లు కొందరికి సందేశములు రాగా, అట్టి ఫిర్యాదులను చూచి 2021 మే 8 నుండి కోవిన్‌లో నాలుగంకెల సంకేత సంఖ్యను ప్రవేశపెట్టిరి. వెబ్‌సైటు పనిచేయుట లేదను ఒక్కమాట పట్టుకొని ఇంజనీరు ఏమియు చేయలేడు. ఫలానా దినమున ఉదయము 10 గంటల 20 నిమిషములకు, పేరు ఎక్కినపిమ్మట ఓటీపీ రాలేదు, మా గ్రామమున 14 మందికి ఇట్లే జరిగినదని వ్రాసినచో ఎక్కడ వెదకవలెనో అతనికి తెలియును. ఆ పుటకు నకలు తీయించి, మరునాడే మండల పరిషత్తు కార్యాలయములో ఇచ్చి, రసీదు తీసికొనుడు. గడువు పొడిగింపుడని అడుగుటకు ఆ రసీదు మీకు ఆధారముగా నుండును.