గాడిలో పండబెట్టిన బిడ్డ
(అనంతపురం జిల్లాలో ఒక పేటలో, క్రిస్మస్ ముందు జరిగిన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



కిస్మస్ వస్తోందంటే మన మాలగేరిలో, మాదిగేరిలో ముందు కదిలేది బట్టలంగడి లెక్క. దాని వెనకే అప్పు. సెనిక్కాయ చెట్టు ఎండిపోయిన ఏడు కూడా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కోడి కోస్తాం, సౌండు బాక్సులు పెడతాం. పిల్లలకు కొత్తబట్టలు వద్దని చెప్పడానికి మేం రాలేదు. ఏడాదికొక్కసారి తొడిగే బట్ట అది. కానీ బెంగుళూరు నుంచి, కేరళ నుంచి కొడుకులూ కోడళ్లూ ఇల్లు చేరే ఆ రాత్రి, ఇంట్లో ఆ కథ ఎవరైనా చెప్తున్నారా?

లండన్ మిషన్ దొరలు గుత్తిలో మకాం పెట్టి సువార్త చెప్పింది నిజమే. గేరిలో దాన్ని నిలిపింది మాత్రం అక్షరం రాని మన అవ్వలు. లూకా సువార్త రెండో అధ్యాయం మన కొట్టంలోనే జరిగినట్టు చెప్పేవాళ్లు. “జనం లెక్క రాయించుకోను రమ్మని సర్కారు చెప్తే పోయినార్రా. నిండు చూలాలు. ఎవరూ ఇంట్లోకి రానీలేదు. గాడిలో పండబెట్టె బిడ్డను.” ఎందుకు రానీలేదవ్వా అంటే, “మనల్ని రానిస్తారా?” అనేవాళ్లు. తర్వాత మేం డిగ్రీలు చదివాం. అంతకు మించిన వ్యాఖ్యానం మాకు ఎక్కడా దొరకలేదు.

కబురు ముందు అందింది రాత్రిపూట మందకాడ పండుకున్న కాపర్లకు. ఈ జిల్లాలో దాన్ని విడమర్చి చెప్పాల్నా? అట్లాంటి పండగనాడు మాలగేరి పాటల గుంపు మాదిగేరి గడప తొక్కని ఊళ్లున్నాయి. సిగ్గుపడాల్సిన మాటే, దాచి లాభం లేదు.

కథ ఆగడానికి భయం కూడా కారణం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తీశారు. మనకు తీయలేదు. ఆ పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. ఎవరు విన్నారు? కాగితం మీద మనం బి.సి.-సి. ఊర్లో మాత్రం పాత కులం పేరే. క్రైస్తవుడైన దళితుడికి అత్యాచార నిరోధక చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పు చెప్పింది. కొట్టేవాడు మతం అడిగి కొడతాడా?

అందుకే సర్టిఫికెట్ విచారణకు మనిషి వస్తున్నాడంటే వాకిట్లో నక్షత్రాన్ని అటకెక్కించే ఇళ్లు మాకు తెలుసు. వాళ్లను మేం తప్పు పట్టం. బిడ్డ చదువు ముఖ్యం. కానీ నక్షత్రం దాచిన ఇంట్లో, పొయ్యికాడ కథ కూడా దాస్తే ఆ బిడ్డకు తను ఎవరో ఎట్లా తెలుస్తుంది?

మేం అడిగేది చిన్న పని. 24 రాత్రి ఒక గంట బాక్సులు ఆపండి. కొడుకులు వలసపోయి, ముసలమ్మ ఒక్కతే మిగిలిన ఇల్లు ప్రతి గేరిలో ఒకటుంటుంది. ఆమెను పిలిచి మొదటి ముద్ద ఆమెకు పెట్టండి. ఆమెకు ఆ కథ వస్తుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టి చెప్పించుకోండి.