తాడు లాగిన చేతులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పరిశ్రమల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నాను కాబట్టి చెప్పడానికి చాలానే ఉంది. కానీ వరాహ నది ఒడ్డున నిలబడి పరిశ్రమ అంటే ఏటికొప్పాక వాళ్లకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి చక్కెర ఫ్యాక్టరీ, రెండోది లక్క బొమ్మ. ఫ్యాక్టరీ గురించి చెప్పగలవాళ్లు ఈ సభలోనే నాకంటే పెద్దవాళ్లున్నారు. నేను బొమ్మ గురించి, పదకొండేళ్లుగా నా ఆదివారాలు గడుస్తున్న ఒక రేకుల షెడ్డు గురించి చెబుతాను.

ఈ పని ఎలా జరుగుతుందో ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. అయితే ఈ మాటలు సంచికలో అచ్చవుతాయన్నారు. హైదరాబాదులోనూ, అమెరికాలోనూ పెరుగుతున్న మన మనవలు చదువుతారేమోనని రెండు మాటల్లో చెబుతాను. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. దాన్ని బాగా ఆరబెట్టి, లేతు మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పట్టుకుంటారు. పొయ్యి లేదు, కుంచె లేదు. రాపిడికి పుట్టే వేడికే లక్క మెత్తబడి కర్రను పట్టుకుంటుంది. లక్క 75, 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు తక్కువైతే అంటుకోదు, ఎక్కువైతే మాడి రంగు చెడుతుంది. ఆ వేడిని కొలిచే మీటరు ఏ ఇంట్లోనూ లేదు. అంతా చేతి ఒత్తిడిలోనే ఉంటుంది. చివర్న మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఇప్పుడంటే మోటారు వచ్చింది. మా చిన్నప్పుడు కొన్ని ఇళ్లలో ఇంకా చేతి తరిమెనే ఉండేది. రెండు మేకుల మధ్య కర్ర, ఆ కర్రకు చుట్టిన తాడు. ఎదురుగా కూర్చున్న మనిషి తాడు రెండు కొసలూ పట్టుకుని ఒకటి విడిచి ఒకటి లాగుతుంటే కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేది. ఉలి ఒక వైపు తిరిగినప్పుడే కోస్తుంది. రెండో వైపు తిరిగే ఆ క్షణం ఉలి వెనక్కి తీయాలి. అంటే ఉలి పట్టినవాడికీ తాడు లాగినవాళ్లకీ ఒకే తాళం ఉండాలి. తాడు లాగేది ఎవరు? ఇంటి ఇల్లాలు. ఆవిడ పొయ్యి దగ్గర ఉంటే, గుంటలు.

మా క్లాసులో అలాంటి గుంటలు ముగ్గురుండేవారు. పొద్దున్న తాడు లాగి, మొదటి పీరియడ్ సగమయ్యాక వచ్చేవారు. అప్పటి మా లెక్కల మాస్టారు ఏం చేసేవారో తెలుసా? హాజరు మొదటి పీరియడ్‌లో కాకుండా రెండో పీరియడ్ మొదట్లో తీసుకునేవారు. ఎందుకని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు పదో తరగతి పాసయ్యారు. ఒకడు ఇప్పుడు మా షెడ్డుకి పెద్దదిక్కు. హాజరు పట్టీలో ఒక గంట ఆలస్యాన్ని చూసీ చూడనట్టు వదిలేసిన ఆ చెయ్యి కూడా ఈ పనిలో ఒక చెయ్యేనని నా లెక్క.

తర్వాత అర హార్స్‌పవర్ మోటార్లు వచ్చాయి. ఇంజనీరుగా నేను మోటారును తిట్టలేను. ఆడవాళ్ల భుజాలకు విశ్రాంతి దొరికింది, పిల్లలు మొదటి గంటకే బడికొచ్చారు. అయితే దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చేసిన పని, ఒకడు గోడ వైపు తిరిగి చేసుకునే పనైంది. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి మోటారు మోతలో వాళ్లు. బేరగాడు ఒక్కో గడప తొక్కి, "పక్కింటాయన ఇంతకే ఇస్తానన్నాడు" అంటే, పక్కింటాయన నిజంగా ఏమన్నాడో కనుక్కునే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ధరలు పడిపోవడానికి కారణాలు చాలా చెబుతారు. నా కంటికి కనిపించినది ఇది.

పదకొండేళ్ల కిందట ఇందాక చెప్పిన మిత్రుడు ఫోన్ చేసి, "మావా, లేతు అదురుతోంది, ఓసారి చూసి పో" అన్నాడు. వెళ్లి చూస్తే బేరింగు అరిగింది. మార్చాం. పక్కింటి లేతు కూడా అలాగే ఉంది. అదీ మార్చాం. మూడో ఆదివారానికి నలుగురు పోగయ్యారు. విడివిడిగా నాలుగు గదుల్లో ఎందుకు, ఒక్క చోట పెట్టుకుంటే బేరింగులూ బెల్టులూ కలిపి కొనుక్కోవచ్చు, కర్ర కూడా కలిపి తెచ్చుకోవచ్చు అన్నారు. అలా రేకుల షెడ్డు లేచింది. ఇవాళ పన్నెండు మందిమి. ఏడుగురు మన బడి వాళ్లే. నలుగురు ఆడవాళ్లు. అందులో ఒకావిడ ఒకప్పుడు తాడు లాగిన మనిషే, ఇప్పుడు ఉలి పడుతోంది. ఉలి పట్టడం రానివాణ్ని నేనొక్కణ్నే. బెల్టులకు కాపు తొడుగులు పెట్టడం, రంపపు పొట్టు కంట్లో పడకుండా చూడటం నా వంతు.

కలిసి చేసిన మొదటి పని బొమ్మల కొలువుకు పెళ్లి ఊరేగింపు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పల్లకీ, బోయీలు, సన్నాయి, డోలు కలిపి ఇరవై నాలుగు బొమ్మలు. ఒక్కొక్కరు కొన్ని చొప్పున చేశారు. తెచ్చి వరసలో పెడితే బోయీల భుజాలు ఎగుడుదిగుడు, పల్లకీ ఒక పక్కకి ఒరిగిపోయింది. నేను రేకుతో కొలత పట్టీ కోసిస్తానన్నాను. మాలో పెద్దాయన నవ్వి, ఒక వెదురు పుల్ల తీసి మూడు గాట్లు పెట్టాడు. పాదం ఇక్కడ, నడుం ఇక్కడ, భుజం ఇక్కడ. "దీనికి తుప్పు పట్టదు నాయనా" అన్నాడు. ఆ పుల్లతో చేసిన పదహారు భుజాలను నేను వెర్నియర్ పెట్టి కొలిచాను. అర మిల్లీమీటరు తేడా దాటలేదు. ఇప్పుడు మా షెడ్డులో ప్రతి బొమ్మకీ ఒక పుల్ల ఉంది. గోడకి కట్టిన గుడ్డ సంచిలో వరసగా ఉంటాయి. అదే మా డ్రాయింగ్ ఆఫీసు.

రెండోది రంగులు. రసాయన రంగులు చవగ్గా, గాఢంగా ఉంటాయి, కానీ కొన్నింటిలో సీసం ఉంటుంది. చంటిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు. అమెరికాలో బొమ్మల మీది రంగులో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని చట్టం. మన ఊళ్లో ప్రకృతి రంగులను తిరిగి నిలబెట్టడానికి దశాబ్దాలుగా శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో మన బొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ దారి ఉన్నది కాబట్టే మా పన్నెండు మందీ నడవగలిగారు. పసుపుతో పసుపు, జాఫ్రా గింజలతో నారింజ, నీలిమందుతో నీలం, నీలీ పసుపూ కలిపితే ఆకుపచ్చ.

మాకొచ్చిన సందేహం, ఎండకి ఇవి ఎన్నాళ్లుంటాయని. మన బడి సైన్సు టీచరమ్మ గారిని అడిగితే ప్రయోగశాల కిటికీ ఇచ్చారు. ఒక్కో రంగు బొంగరానికి సగం నల్ల కాగితం చుట్టి వేసవి సెలవులంతా ఎండలో ఉంచాం. తొమ్మిదో తరగతి పిల్లలు వారానికోసారి వచ్చి నోటుబుక్కులో రాశారు. నీలం దాదాపు అలాగే ఉంది. పసుపు బాగా వెలిసింది. ఆకుపచ్చలో పసుపు పోయి నీలం మిగిలింది. అందుకని మా ఆకుపచ్చ చిలక ఎండలో పెడితే నీలం చిలకవుతుంది! ఇప్పుడు ప్రతి పెట్టెలో ఒక చీటీ పెడుతున్నాం, నేరుగా ఎండ తగలనివ్వకండి అని. ఆ చీటీ మాటలు రాసింది ఆ తొమ్మిదో తరగతి పిల్లలే.

అన్నీ ఇలా సాఫీగా జరగలేదు. ఒక దసరా ముందు ఒక వ్యాపారి రెండు వేల కుంకుమ భరిణెలు అడిగాడు. రసాయన రంగులు వెయ్యాలి, ధర మూడో వంతు తక్కువ, కానీ సగం డబ్బు ముందే ఇస్తాడు. షెడ్డులో మొదటిసారి గొంతులు లేచాయి. ఒకరి కూతురికి నర్సింగు కాలేజీ ఫీజు కట్టాలి. "మీ సిద్ధాంతాలు నా పిల్ల ఫీజు కడతాయా?" అని అడిగాడు. అతనన్నదాంట్లో తప్పేముంది? రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న షెడ్డు చీటీ పాట డబ్బు పాట లేకుండానే అతనికిచ్చారు. ఆర్డరు వద్దనుకున్నారు. ఆ పిల్ల ఇప్పుడు విశాఖలో నర్సుగా చేస్తోంది. అప్పు తీరిపోయింది. ఆ రోజు ఆర్డరు ఒప్పుకోవాలని గట్టిగా వాదించిన ఇద్దరు మాత్రం ఆర్నెల్లు షెడ్డుకి రాలేదు. తర్వాత ఒకరు వచ్చారు. రెండోవారి లేతు దగ్గర ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. అది ఆయన చోటు.

ఇంకో సంగతి. కిందటేడు మా పెద్దాయన జారిపడి మణికట్టు విరిగింది. చేతిలో మూడొందల బొంగరాల పని ఉంది. మిగతావాళ్లు రోజుకి తలా కొన్ని చేసి పూర్తి చేశారు. ఆయన బొంగరానికి నడుం దగ్గర సన్నటి ఎర్ర గీత ఉంటుంది, అది ఆయన సంతకం. వీళ్లెవరికీ ఆ గీత అంత సన్నగా రాదు. అందుకని గీత లేకుండా వదిలేసి, కట్టు విప్పాక ఆయన చేతే గీయించారు. డబ్బు మొత్తం ఆయన ఇంటికే వెళ్లింది. స్నేహం గురించి నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. గీత వదిలిపెట్టిన ఆ మూడొందల బొంగరాలు చూశాక వాటి అవసరం కనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అంకుడు కర్ర దొరకడం ఏటేటా కష్టమవుతోంది. ఒకప్పుడు దగ్గర కొండల్లోంచి మోపులుగా వచ్చేది. కర్ర లేకపోతే గుర్తింపులూ బహుమతులూ అన్నీ గోడ మీద పటాలే. ఈ చెట్టుకి ఒక మంచి గుణముంది. మొదలు వదిలి కొమ్మ కొడితే మళ్లీ చిగురిస్తుంది. గింజకు దూది కుచ్చు ఉండి గాలికి ఎగిరిపోతుంది కాబట్టి, కాయ పగలక ముందే కోసుకోవాలి. మేం మూడేళ్లుగా గింజలు పోగుచేసి నారు పోస్తున్నాం. పెట్టడానికి చోటు చాలడం లేదు.

అందుకని ఈ సభను మూడు కోరికలు కోరుతున్నాను. ఒకటి, మన బడి దక్షిణపు ప్రహరీ వెంట అంకుడు మొక్కలు వేయడానికి ప్రధానోపాధ్యాయుల వారు అనుమతివ్వాలి. పొలాలున్న మిత్రులు గట్ల మీద పదేసి మొక్కలు వేయాలి. నారు మేమిస్తాం. రెండు, మన సంఘం ఏటా ఇచ్చే జ్ఞాపికలు ఇకనుంచి ప్లాస్టిక్‌వి కాకుండా ఊరి బొమ్మలే కావాలి, బేరమాడకుండా కొనాలి. మూడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని నెలకో శనివారం షెడ్డుకి పంపాలి. వాళ్లంతా బొమ్మలే చెయ్యాలని కాదు. రాపిడి, వేడి, సమతూకం పుస్తకంలో చదివేవన్నీ అక్కడ కళ్లముందు జరుగుతుంటాయి. ఇష్టపడి నేర్చుకునేవాళ్లు ఇద్దరొచ్చినా మాకు పండగే. షెడ్డులో ఇప్పుడు అందరికంటే చిన్నవాడి వయసు నలభై నాలుగు.

సభ అయ్యాక బయట వేపచెట్టు కింద మావాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. లక్కపిడతలున్నాయి, బొంగరాలున్నాయి, అంకుడు నారు కూడా ఉంది. భోజనాలకి వెళ్లేముందు ఒకసారి అటు రండి. ఆ మిత్రుడు కూడా అక్కడే ఉన్నాడు. మా బ్యాచ్ వాళ్లకి అతనెవరో చెప్పక్కర్లేదు.