మనుష్యుని గుర్తుపట్టు యంత్రము
(రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



సంధ్యవేళ అరుగుపై కూర్చున్న గ్రంథపాలకుడు వీధి మొగలో వచ్చుచున్న చందాదారుని, ముఖము కనబడక మునుపే గుర్తుపట్టును. ఆ మనిషి కుడికాలు కొంచెము ఈడ్చి నడచుట, చంకలో పుస్తకము ఇరికించుకొను తీరు, కండువా భుజముపై వేసికొను విధము, ఇంతే చాలును. అతడు మెట్లెక్కులోపల ఖాతా పుస్తకము తెరచి ఉంచును. ఎట్లు తెలిసికొంటివని అడిగినచో గ్రంథపాలకుడు చెప్పలేడు. "చూచితిని, తెలిసినది" అనును. ఆ "తెలిసినది" అను చిన్నమాటలో ఎంత పని దాగియున్నదో విప్పి చూచి, దానిని యంత్రముచేత చేయింపవలెనని పండితులు అరువది సంవత్సరములకు పైగా శ్రమించుచున్నారు. ఆ పరిశోధనయే నేటి ప్రసంగమునకు విషయము.

ఇది దూరదేశపు ముచ్చట యని ఎవరును అనుకొనవలదు. 2024 సెప్టెంబరు 6వ తేదీన విశాఖపట్టణ విమానాశ్రయములో "డిజి యాత్ర" అను ఏర్పాటు ప్రారంభమైనది. శ్రీకాకుళమునుండి లోకసభకు ఎన్నికై పౌర విమానయాన మంత్రియైన కింజరాపు రామమోహన్ నాయుడుగారు ఆ దినముననే, అక్కడినుండియే, మరి ఎనిమిది విమానాశ్రయములలో కూడ దానిని ప్రారంభించిరి. ప్రయాణికుడు ముందుగా తన చేతి ఫోనులో ఆధారు వివరమును, తన ముఖచిత్రమును నమోదు చేసికొనును. ప్రయాణము నాడు ద్వారముకడ నిలిచిన కెమెరా అతని ముఖమును చూచి, పంపిన చిత్రముతో పోల్చి, సరిపడినచో తలుపు తెరచును. ప్రయాణము ముగిసిన 24 గంటలలో విమానాశ్రయము ఆ వివరములను తుడిచివేయవలెననియు, ఇష్టములేనివారు మామూలు వరుసలో పోవచ్చుననియు ఆ ఏర్పాటునకు నియమములు.

గుర్తుపట్టుట యనగా పల్లెవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది వేలిముద్ర. దాని చరిత్రలో మన దేశమునకు పెద్ద పాలు కలదు. 1858లో వంగదేశమందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర ఒక కంట్రాక్టుదారుచేత ఒప్పందపు కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. వేలకొలది ముద్రలలో కావలసినదానిని నిమిషములలో తీయుటకు అనువైన వర్గీకరణమును అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు దేశీయోద్యోగులు సాధించిరి. పేరు మాత్రము వారి పైయధికారియైన ఎడ్వర్డ్ హెన్రీకి దక్కెను. ఆ కాలమున అట్టి న్యాయము కొత్తగాదు.

ఆ వేలిముద్రయే 2015 నుండి ఆంధ్రప్రదేశమున చౌకధరల దుకాణములకు యంత్రరూపమున వచ్చినది. దొంగ కార్డులను పట్టుటకు అది ఉపకరించిన మాట నిజమే. కాని అంట్లు తోమి, సున్నము కలిపి, బరువులు మోసి అరిగిన వ్రేళ్ళను ఆ యంత్రము గుర్తింపజాలక పోవుటయు నిజమే. బియ్యముకొరకు వచ్చిన ముదుసలి వ్రేలిని చీరకొంగుతో తుడిచి తుడిచి మరల పెట్టుచుండును. దుకాణదారుకు ఆమె ఎవరో చిన్ననాటినుండి తెలియును. యంత్రమునకు తెలియదు. బియ్యము యంత్రము ఒప్పుకొన్నగాని రావు. వ్రేళ్ళు అరిగినను ముఖము అరగదు గదా, ముఖమునే చూచు యంత్రమైనచో ఈ బాధ తీరునని పలువురు ఆశించిరి. ఆ ఆశ ఎంతవరకు సబబో తెలియవలెనన్న, ఆ యంత్రము ఏమి చేయునో కొంచెము తెలిసికొనవలెను.

1960 దశాబ్దమున అమెరికాలో ఉడ్రో బ్లెడ్సో అను గణితజ్ఞుడు ఈ పనికి మొదట పూనుకొనెను. ఛాయాచిత్రముపై కన్నుల కొనలు, ముక్కు, నోటి అంచులు ఎక్కడ నున్నవో మనుష్యులే చేతితో గుర్తింపగా, యంత్రము ఆ దూరములను మాత్రము పోల్చెడిది. 1973లో జపానుదేశమున క్యోటో విశ్వవిద్యాలయములో తకెయో కనాడే అను యువకుడు ఆ గుర్తులను యంత్రమే వెదకుకొనునట్లు చేసెను. ఈ కనాడే 1980లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు వచ్చెను. ఆ సంస్థకు అప్పుడు అధిపతి ఎవరు? చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు, లోకము రాజ్ రెడ్డి యని పిలుచు మన తెలుగువాడు! యంత్రమునకు మాట వినుట నేర్పిన కృషికి ఆయన 1994లో ట్యూరింగ్ బహుమానమును అందుకొనిరి. పల్లెటూరి బడినుండి బయలుదేరిన బాలుడు అంతదూరము పోయెనని విన్నప్పుడు, ఇట్టి గ్రంథాలయములో బల్లమీద వంగి చదువుకొను పిల్లలను మరియొకసారి చూడబుద్ధి పుట్టును.

2012 తరువాత పద్ధతి మారినది. ముక్కు ఇంత, కన్ను ఇంత అని యంత్రమునకు ఎవరును చెప్పుటలేదు. లక్షలకొలది ముఖచిత్రములను చూపి, ఇవి రెండును ఒకరివి, ఇవి వేరువేరువారివి అని దిద్దుచు పోయెదరు. పసిబిడ్డ మేనమామను గుర్తుపట్ట నేర్చునట్లు అదియు తప్పులు చేయుచు, సవరించుకొనుచు నేర్చును. తుదకు ప్రతి ముఖమును ఒక అంకెల వరుసగా మార్చును. ఒకే మనిషి చిత్రములైనచో ఆ వరుసలు దగ్గర దగ్గరగా నుండును.

ఇక్కడనే అసలు కీలకము కలదు. యంత్రము "ఇతడే" అని చెప్పదు. "ఇంత దగ్గర" అని మాత్రమే చెప్పును. ఎంత దగ్గరైనచో ఒప్పుకొనవలెనో ఆ హద్దుగీతను మనుష్యుడు గీయును. గట్టిగా గీసినచో ఇంటి యజమానియే బయట నిలుచును. వదులుగా గీసినచో పరాయివాడు లోనికి వచ్చును. రెండును లేని గీతను ఇంతవరకు ఎవరును గీయలేదు.

అడుగు ప్రశ్నను బట్టి కూడ ఫలితము మారును. "నేను ఫలానావాడను" అని ఒకడు వచ్చి నిలిచినప్పుడు, ఔనా కాదా యని ఒక్క చిత్రముతో పోల్చుట ఒక పని. జనసమూహమును చూచి, వీరిలో దొంగ ఎవడని వెదకుట మరియొక పని. 2025 జూన్ 21న యోగ దినోత్సవమునకు విశాఖ సముద్రతీరమున సుమారు మూడు లక్షలమంది చేరిరి. అంతమందిని ఒక దొంగల పట్టికతో పోల్చు యంత్రము వేయింటికి ఒక్కసారి మాత్రమే పొరబడునని అనుకొందము. వినుటకు ఎంతో మంచి యంత్రము! కాని లెక్క కట్టినచో ఆ ఒక్క ఉదయమున మూడువందలమంది నిరపరాధులవైపు అది వ్రేలు చూపును. వారిలో ఒక్కొక్కరికి "తొమ్మిదివందల తొంబదితొమ్మిది మార్లు సరిగానే చెప్పినదిగా" అని సమాధానము చెప్పిన ఏమి లాభము?

ఆ పొరపాట్లు అందరికిని సమానముగ పంచబడవు. ముఖమును చూచి స్త్రీయో పురుషుడో చెప్పు మూడు ప్రసిద్ధ వ్యాపార సంస్థల యంత్రములను జాయ్ బువోలంవీనీ, టింనిట్ గెబ్రూ అను పరిశోధకురాండ్రు పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. తెల్లని పురుషుల విషయమున తప్పులు నూటికి ఒకటియైనను లేవు. నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రమునకు నూటికి 34కు మించెను. యంత్రమునకు ద్వేషము లేదు. దానికి చూపిన చిత్రములలో నల్లనివారు కొద్దిమంది, అంతియే. వ్రేళ్ళు అరిగిన ముదుసలి కథయే ఇచటను మరల కనబడుచున్నది.

మనుష్యుడెవరో తెలిసిన తరువాత, అతడేమి చేయుచున్నాడో తెలియవలెను. ఇది మరింత రసవత్తరమైన ఘట్టము. స్వీడను దేశపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ మనిషి భుజములు, మోచేతులు, మోకాళ్ళు, చీలమండలపై చిన్న దీపములు కట్టి చీకటిలో నడిపించి, 1973లో ఆ ఫలితమును ప్రకటించెను. దీపములు కదలనంతవరకు చూపరులకు అవి వట్టి చుక్కలు. కదలిన తక్షణమే "మనిషి నడచుచున్నాడు" అనిరి! తోలుబొమ్మలాట చూచిన పెద్దలకు ఇది వింతగాదు. కీళ్ళకడ కట్టిన బొమ్మ తెరపై అడుగు వేయగనే నీడలోనుండి భీముడు లేచి నిలుచును. నేటి యంత్రములనేకము ఇట్లే కీళ్ళను గుర్తించి, వాని కదలికను వెంబడించి, పనిని ఊహించును.

కాని చేయి పైకెత్తుట ఒక్కటియే, అర్థములు పెక్కు. విశాఖ ఓడరేవులో క్రేను నడుపువానికి సైగ చేయుటకు కార్మికుడు చేయి ఎత్తును. స్నేహితుని పిలుచుటకు ఎత్తును. నొసటి చెమట తుడుచుకొనుటకును ఎత్తును. చుట్టుపట్ల నున్న వస్తువులను, ముందువెనుకల జరిగినదానిని చూడక ఇది తేలదు. అందుకే పరిశోధకులు నిజజీవితపు చిత్రములను సేకరించుచున్నారు. మనుష్యుల తలకు కెమెరా తగిలించి, వారు వంట చేయుచు, వడ్రంగము చేయుచు చూచినదంతయు వారి కన్నులతోనే పట్టిన "ఈగో ఫోర్ డీ" అను సంకలనము 2021లో వెలువడెను. 9 దేశములలో 74 చోట్ల తీసిన 3,600 గంటలకు మించిన చిత్రములు అందు కలవు. మన దేశమునుండి పాల్గొన్నది హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ. అంతకుముందే 2018లో అచటివారు మన రోడ్ల చిత్రములతో మరియొక సంకలనము చేసి, దానిలో ఆటోరిక్షాలకును పశువులకును స్థానమిచ్చిరి. ఆటోను ఎన్నడును చూడని యంత్రము హైదరాబాదు వీధిలో ఏమి చేయగలదు?

ఈ విద్య ఉక్కునగరమునకు ఎట్లు ఉపకరించును? కొలిమికడ కార్మికుడు సొమ్మసిల్లి పడినచో క్షణములో కేక వేయు కన్ను ఉండుట మేలే. ఆ కన్నే, ఎవడు ఎంతసేపు నీళ్ళు త్రాగెను, ఎవడు ఎవనితో మాటలాడెను అని చిట్టా వ్రాయనారంభించినచో? కెమెరా ఒక్కటే, తీగ ఒక్కటే. మారునది ఆజ్ఞ మాత్రమే. 1966లో విశాఖ ఉక్కుకొరకు జనులు వీధులకెక్కినప్పుడు, గుంపులో ఒక్కొక్కరి పేరు వ్రాసికొను కన్ను లేదు. ఉన్నచో ఎంతమంది ఇల్లు కదలియుందురో ఆలోచింపదగినది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఆ కర్మాగారము ఆ గుంపుల చలవయే గదా!

2017లో సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముతో స్వంత బ్రతుకు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. 2022 జనవరిలో, పోలీసులు ముఖములను గుర్తించు యంత్రములను వాడుటను ప్రశ్నించిన వ్యాజ్యముపై తెలంగాణ హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసులు పంపెను. 2023లో వ్యక్తుల వివరముల రక్షణకు పార్లమెంటు చట్టము చేసెను. చట్టముకంటె ముందే ఒక చిన్న ఏర్పాటు హైదరాబాదు చెంత జరిగినది. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక ఎన్నికలందు పది పోలింగు కేంద్రములలో ముఖమును గుర్తించు యంత్రమును ప్రయోగాత్మకముగా వాడిరి. యంత్రము కాదన్నంతమాత్రమున ఎవరికిని ఓటు నిరాకరింపరాదని ఎన్నికల సంఘము ముందే నిర్ణయించెను. యంత్రము తల అడ్డముగా ఊపినచో, బల్లవెనుక కూర్చున్న ఉద్యోగి ఓటరు కాగితమును చేతికి తీసికొని, పట్టికలో పేరు వెదకి, ఎప్పటివలెనే ముఖము చూచి లోనికి పంపవలెను.