బండి రాని రోజు పొగ



పొదుపు లెక్కలు, లింకేజీ రుణాల వివరాలు విన్నారు. ఇప్పుడు మనం పీల్చే గాలి గురించి కాసేపు చెప్పుకుందాం.

2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో దేశం మొత్తమ్మీద 130 దాకా నగరాలు, మన రాష్ట్రంలో 13. గుంటూరు ఉంది, విజయవాడ ఉంది, ఒంగోలు ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె లేవు. లేవంటే మన గాలి బాగుందని కాదు. ఏళ్ళ తరబడి కొలిచి, పరిమితి దాటినట్టు తేలిన నగరాలనే ఎక్కువగా అందులో రాశారు. సన్నటి ధూళిని పీఎం10 అంటారు, వెంట్రుక మందంలో ఐదోవంతు ఉంటుందేమో. అది ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు మించకూడదు. జాబితాలో ఉన్న నగరాలకు ఊడ్చే యంత్రాలకనీ, చెట్లకనీ విడిగా డబ్బు వస్తుంది. మనకు ఆ పద్దు లేదు. మున్సిపాలిటీ రోజూ ఊడ్చి, చెత్త ఎత్తి, కాల్చకుండా చూడటమే మనకున్న దిక్కు.

ఘనవ్యర్థాల నిబంధనల ప్రకారం వీధిలో చెత్త తగలబెట్టడం ఎవరికీ కుదరదు. ఊడ్చేవాళ్ళకూ కుదరదు, మనకూ కుదరదు. అయినా బండి రెండు రోజులు రాకపోతే ఏమవుతోంది? మూలన కుప్ప, కుప్పలో కవర్లు, సాయంత్రానికి అగ్గిపుల్ల. చలికాలం ఆ పొగ పైకి పోదు. పక్కింటి బాలింత గదిలోకి పోతుంది, అరుగు మీద ముసలాయన ఛాతీలోకి పోతుంది. పొలాల్లో గడ్డి కాల్చే రోజులూ ఇంచుమించు అవే.

1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు సంఘాల మహిళలకే ఇచ్చారు. వంటింటి పొగ అలా తగ్గింది. వీధి పొగ మాత్రం అడిగితేనే తగ్గుతుంది.

అగ్గిపుల్ల గీసినావిడను తిట్టి లాభం లేదు, బండి ఎందుకు రాలేదో అడగాలి. 2019 నుంచి వార్డులో శానిటేషన్ కార్యదర్శి ఉంటున్నారు. ఒక్కరం వెళ్తే "చూస్తాం లేమ్మా" అంటారు. సంఘం తీర్మానం రాసి, పదిమంది సంతకాలతో ఇచ్చి రసీదు తీసుకుంటే ఆ మాట చెల్లదు. మూడో శనివారం స్వచ్ఛాంధ్రకు చీపుళ్ళు పట్టుకుని ఫొటోలకు రమ్మని మనల్నే పిలుస్తారు కదా, ఆ రోజూ అడగొచ్చు. అధికారులంతా అక్కడే ఉంటారు.

తడి, పొడి చెత్త విడిగా ఇవ్వడం మన వంతు. తడిది కుళ్ళితే మండే వాయువు పుడుతుంది. ఎండాకాలం యార్డులో నిప్పంటుకుంటే ఓ పట్టాన ఆరకపోవడానికి అదీ ఒక కారణం.

వచ్చే నెల సమావేశానికి ప్రతి సంఘం రెండు సంగతులు రాసి తేవాలి: బండి ఏయే రోజులు రాలేదు, చెత్త ఎక్కడ కాలుస్తున్నారు. అన్నీ కలిపి మూడు ఊళ్ళ మున్సిపల్ కమిషనర్లకు ఇస్తాం. రాసుకునే కాగితాలు మీ ఆర్పీల దగ్గర ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకోండి.